చదవని ఆకు మీద ముద్ర

తామ్రగిరి కోటలో ఆ ఉదయం సభ తీరిన వైభవం చూడడానికి రెండు కళ్లు చాలవు. పగడపు స్తంభాలకు పసుపు పట్టు చుట్టారు. నేలంతా పన్నీరు చల్లి, మల్లెమొగ్గలతో ముగ్గులు తీర్చారు. నడుమ దంతపు పీట మీద ఎనిమిదేళ్ల యువరాణి కువలయ కూర్చుని, ముప్పై ఇద్దరు పండితులు అడిగిన ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా జవాబులు చెబుతోంది. నక్షత్రాల నడక అడిగితే చెప్పింది. రత్నాల్లో దోషాలు అడిగితే చెప్పింది. పాముకాటుకు ఏ వేరు నూరాలో, కోటగోడకు పునాది ఎంత లోతు తీయాలో, ఏదడిగినా చెప్పింది. తలలు నెరిసిన పండితులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

పీట వెనక నిలబడి చిరునవ్వు నవ్వుతున్నవాడు సౌమ్యాచార్యుడు, ఆ పిల్లకు చదువు చెబుతున్న ఇంటి గురువు. తెల్లని పట్టుబట్టలు, ఒంటినిండా కర్పూరం వాసన. ఎంత ఎండగా ఉన్నా రెండు చేతులకూ మోచేతుల దాకా పట్టుగుడ్డ చుట్టుకునే ఉంటాడు.

గుమ్మం దగ్గర రణమల్లు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. అతను తామ్రగిరి అశ్వదళ నాయకుడు, కువలయకు స్వయానా మేనమామ. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. బిడ్డకు ఎనిమిదో ఏడు రాగానే చదువు ఎక్కడ చెప్పించాలో తేల్చవలసింది తండ్రి కాదు, మేనమామ. రాజు ఇంద్రసేనుడు రెండేళ్లుగా ఉత్తరపు సరిహద్దులో యుద్ధంలో ఉన్నాడు. రాణి మాలిని నిరుడు విషజ్వరంతో పోయింది. పోయేముందు తమ్ముడి చెయ్యి పట్టుకుని ఒక్క మాట చెప్పింది.

"దాన్ని ఏరు దాటించి ఇసుకబడిలో వెయ్యి తమ్ముడూ. ఒక్కడి చేతిలో మాత్రం పెట్టకు. పదిమందితో కలిసి నేర్చుకున్నది ఎవడూ ఎత్తుకుపోలేడు."

రణమల్లు సరేనన్నాడు. తీరా సమయం వచ్చేసరికి ఆ మాట తప్పాడు.

ఎందుకు తప్పాడంటే, ఆ ఇసుకబడి పేరు చెబితేనే అతనికి ఒళ్లు కంపరం. పదేళ్ల వయసులో తనూ అక్కడే చేరాడు. ఇసుకలో రాసిన అక్షరాలు అతని కళ్లముందు అటూ ఇటూ జరిగిపోయేవి. తోటి పిల్లలు నవ్వారు. ఒకనాడు గోడ దూకి పారిపోయాడు, మళ్లీ ఆ ఛాయలకు పోలేదు. కత్తి పట్టాడు, గుర్రమెక్కాడు, నాయకుడయ్యాడు. చదువు రాదన్న సంగతి మాత్రం పాతికేళ్లుగా ఎవరికీ తెలియనివ్వలేదు. ఎవరైనా తాటాకు తెచ్చిస్తే "కళ్లల్లో దుమ్ము పడింది, నువ్వే చదివి వినిపించు" అనేవాడు. వినిపించేవాడు లేకపోతే ఆకు చేతిలో పట్టుకుని, కనుబొమలు ముడిచి, పెదవులు కదిపి, బాగుందని తిరిగి ఇచ్చేసేవాడు.

సౌమ్యాచార్యుడు వచ్చిన రోజున కూడా అదే చేశాడు. "నా షరతులన్నీ ఇందులో ఉన్నాయి, చిత్తగించండి" అని ఆచార్యుడు ఆకు చేతిలో పెట్టాడు. రణమల్లు పెదవులు కదిపాడు, తల ఊపాడు, వేలి ఉంగరం తీసి ముద్ర వేశాడు. అది జరిగి ఆ ఉదయానికి అరవై మూడు రోజులు.

సభ ముగిసింది. రణమల్లు మేనకోడలిని వెంటబెట్టుకుని గుర్రాల చావడి ముందుకు వచ్చాడు. కువలయ పెంచుకున్న చిన్న గుర్రం గోరింక, పగ్గం తెంచుకున్నంత పనిచేసి ఎదురొచ్చి, పిల్ల భుజానికి మూతి రాసింది. రోజూ ఆ చేతిలో బెల్లం తినడం దానికి అలవాటు.

కువలయ ఒక అడుగు వెనక్కు వేసింది.

"మూడేళ్ల ఆడగుర్రం. నుదుట సుడి ఉంది. ఎడమ వెనక కాలికి పూర్వం దెబ్బ తగిలింది. ఇది ఎవరిది?"

రణమల్లు పరాచకం అనుకుని నవ్వాడు. "ఆ దెబ్బ తగిలిననాడు మూడు రోజులు అన్నం మానేసింది ఎవరే?"

పిల్ల అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో గడుసుతనం లేదు, అలక లేదు. సంతలో కనబడిన పరాయి మనిషిని చూసినట్టు చూసి, చేతులు జోడించింది.

"అయ్యా, తమరు ఏ కొలువులో ఉన్నారు?"

అతని నవ్వు ఆగిపోయింది. మోకాళ్ల మీద కూలబడి పిల్ల రెండు భుజాలూ పట్టుకున్నాడు. "అమ్మలూ, నేనే, మామయ్యని. నీ పేరేమిటో చెప్పు. ఏదీ, చెప్పు."

కువలయ తనకు పాఠాలు జరిగే మేడ మీది చిత్రశాల వైపు చూసింది. "అది ఇవాళ పొద్దున పోయిందండీ. రేపటికి అవసరమే ఉండదని ఆచార్యులవారు అన్నారు."

రణమల్లు పిల్లను గోరింక పక్కన కూర్చోబెట్టి, మెట్లు మూడేసి చొప్పున ఎక్కుతూ చిత్రశాలకు పరిగెత్తాడు.

చిత్రశాల ఆ కోటకే అందం. గోడల నిండా బంగారు నీటితో వేసిన వనాలు, వాటిలో నీలమణులు కళ్లుగా పొదిగిన లేళ్లు. పంజరాల్లో పంచవన్నెల చిలుకలు ఉన్నాయి గానీ ఒక్కటీ పలకడం లేదు. గూట్లో ఎర్రదారం కట్టిన తాటాకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆచార్యుడు కిటికీ దగ్గర కూర్చుని ఒక ఆకుకు దారం చుడుతున్నాడు.

"దయచేయండి నాయకా. ఇంత ఆలస్యంగా వస్తారనుకోలేదు."

"పిల్లకు ఏం చేశావు?"

"అడిగారు కనుక చెప్పాలి. అది మా విద్యకు నియమం." ఆచార్యుడు ఒళ్లోనుంచి ఒక ఆకు తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "'నేనొక విద్య ఇచ్చిననాడు ఆమెది ఒకటి నేను తీసుకుంటాను. తల్లి పాడిన జోలపాట మొదలు సొంత పేరు దాకా, అరవై మూడు. అరవై నాలుగో పాఠం చెప్పిన ఉదయాన, ఖాళీ అయిన ఆ ఒళ్లు నాది.' కింద తమరి ముద్ర. చదివే కదా వేశారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. కానీ అది పాతికేళ్లుగా గొంతు దాటి రాని జవాబు.

"ఆకు తలకిందులుగా పట్టుకున్నారు నాయకా," అన్నాడు ఆచార్యుడు మెత్తగా. "అప్పుడే నాకు ప్రాణం కుదుటపడింది."

అతను చేతుల గుడ్డలు విప్పాడు. లోపల చర్మం ఎండిన చెట్టుబెరడులా పొరలు పొరలుగా లేచి ఉంది. కర్పూరం వాసన వెనకనుంచి కుళ్లు వాసన గుప్పుమంది. అతను సౌమ్యాచార్యుడూ కాదు, మరొకడూ కాదు. ఒకదాని తర్వాత ఒకటిగా ఒళ్లు మార్చుకుంటూ మూడు వందల ఏళ్లుగా బతుకుతున్న కంకాళగుట్ట మాంత్రికుడు, కాలజిహ్వుడు!

రణమల్లు కత్తి దూసి ఒక్క వేటు వేశాడు. మాంత్రికుడి కుడిచెయ్యి మోచేతి దగ్గర తెగి నేలమీద పడింది. నెత్తురు రాలేదు. ఊకలాంటి పొడి బొలబొలా రాలింది.

"తల నరికినా ఇంతే," అన్నాడు కాలజిహ్వుడు. "ఈ ఒళ్లు అమావాస్య దాకానే నిలుస్తుంది. అందాకా నన్ను ఎవరూ చంపలేరు. తరవాత చంపవలసిన పనే లేదు. రాజు తిరిగొచ్చి కూతురిని ఎత్తుకుని ముద్దాడితే, ముద్దు నాకే. సింహాసనమూ నాదే."

అంటూనే మొహం మీద అరచెయ్యి ఆడించుకున్నాడు. రణమల్లు ఎదుట రణమల్లే నిలబడ్డాడు! అదే మీసం, అదే చెంప మీది గాటు. తెగిన చేతి మీద ఉత్తరీయం కప్పుకుని, కిటికీలోంచి వంగి, అచ్చం అతని గొంతుతోనే కేక పెట్టాడు.

"ద్వారాలు మూయండి! నా రూపు దాల్చిన మాయావి ఒకడు యువరాణిని ఎత్తుకుపోవడానికి వచ్చాడు. కనబడితే పొడిచెయ్యండి!"

పిల్లనుంచి తీసుకున్నవన్నీ ఆ ఎర్రదారం ఆకుల్లోనే ఉన్నాయని తోచి, రణమల్లు చటుక్కున గూటి వైపు చెయ్యి చాచాడు. ఆకులు అతని వేళ్లకు అందకుండానే పొగలా కరిగి మాయమయ్యాయి. కింద సైనికుల అడుగుల చప్పుడు. ఇక నిలబడితే లాభం లేదు. అక్క చెప్పిన మాట చెవిలో మోగింది. అతను వెనక మెట్లమీదుగా దూకి, పిల్లను భుజాన వేసుకుని చాకిరేవు దొడ్డికి పరిగెత్తాడు.

అక్కడ ముత్యాలు బట్టలు మూట కడుతోంది. అంతఃపురం బట్టలు ఉతికే ముసలమ్మ, మాలిని రాణి ఆమె కళ్లముందే కోడలై వచ్చింది. రణమల్లు రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఆమె మరోమాట అడగలేదు.

"ఆ మీసం గొరిగెయ్యి బాబూ ముందు. ఇంద, ఈ పాత పంచె కట్టు, బూడిద రాసుకో. పాప మూటలో పడుకుంటది."

"ఇప్పుడు ఏ పాఠమండీ?" అని అడిగింది కువలయ.

"దాగుడుమూతలు తల్లీ," అన్నాడు రణమల్లు.

"అది అరవై నాలుగింటిలో లేదు," అంది పిల్ల. అయినా చెప్పినట్టే మూటలో ముడుచుకుంది.

గాడిద మీద మూట, పక్కన ముత్యాలు, వెనక వంగి నడుస్తున్న రణమల్లు. ద్వారం దగ్గర నలుగురు సైనికులు ఈటెలు అడ్డం పెట్టారు. నలుగురూ అతని చేతికింద తయారైనవాళ్లే. సరిగ్గా ఆ క్షణంలో కోట బురుజు మీద మధ్యాహ్నపు గంట మోగింది. గంట మోగితే పాఠం అప్పజెప్పడం ఆ పిల్లకు అలవాటైపోయింది. మూటలోంచి సన్నని గొంతు లేచింది.

"వజ్రమునకు దోషములు అయిదు. బిందువు, రేఖ, కాకపాదము..."

"ఎవరది? మూటలో ఎవరు?" సైనికుడు ఈటె ఎత్తాడు.

ముత్యాలు నొసలు కొట్టుకుని రణమల్లును చూపించింది. "మూటలో ఎవరుంటరయ్యా! మా మనవడు ఈడు. బుర్ర సరిగా లేదు. మేడ కింద బట్టలారేస్తా ఆ పంతులుగారి పాఠాలు విని విని నోటికి తెచ్చుకున్నడు. పొద్దస్తమానం ఇదే గోల. గొంతు కూడా ఆడపిల్ల గొంతే, ఏం చేస్తం!"

రణమల్లు తల వంచి పెదవులు కదపసాగాడు. మూటలో పిల్ల చెబుతోంది, బయట అతను నోరాడిస్తున్నాడు. పాతికేళ్లుగా సిగ్గు దాచుకోవడానికి నేర్చిన విద్య అది. ఆవేళ మేనకోడలి ప్రాణం కాపాడింది. మరకతం, మాణిక్యం, గోమేధికం దాటి వైడూర్యం దగ్గరకు వచ్చేసరికి సైనికులకు విసుగు పుట్టింది. "పో పో, ఆ పిచ్చివాణ్ణి ముందు ఇక్కణ్ణుంచి తీసుకుపో!" అన్నారు.

వాళ్లు ద్వారం దాటి యాభై అడుగులు వేశారో లేదో, వెనక బురుజు మీదినుంచి రణమల్లు గొంతే ఉరిమింది. "మూట! ఆ మూట పట్టుకోండి!"

రణమల్లు మూట ఎత్తి భుజాన వేసుకున్నాడు. ముత్యాలు గాడిదను ఇరుకుదారికి అడ్డం తిప్పి, తను దాని మెడ పట్టుకుని నిలబడింది. "నువ్వు పో బాబూ. మాలినమ్మ బిడ్డని ఏరు దాటించు."

వెనక్కు ఒక్కసారే చూశాడు. ఈటె దూసుకొచ్చింది. మోకాలు కొద్దిగా వంచి, భుజం తిప్పి, కింది పక్కటెముకల మధ్య దించే పోటు. దాన్ని ఆ కుర్రవాళ్లకు నేర్పింది తనే. ముసలమ్మ కేక కూడా వెయ్యలేదు. రణమల్లు ఏడుస్తూ పరిగెత్తాడు.

కపిల ఏరు నిండుగా పారుతోంది. ఒడ్డున ఉన్న పుట్టిలో మూట దించి, తాడు కోసి, తెడ్డు అందుకున్నాడు. బాణాలు చుట్టూ నీళ్లలో పడుతున్నాయి. నడి ఏట్లో మూట విప్పేసరికి కువలయ లేచి కూర్చుని, నిదానంగా అంది.

"నా కాలు ఎవరో పట్టుకున్నారండీ."

తెగిన చెయ్యి! మోచేతి దాకా ఉన్న ఆ చెట్టుబెరడు చెయ్యి, ఎప్పుడు పాక్కుంటూ వచ్చి మూటలో దూరిందో, పిల్ల చీలమండను బిగించి పట్టుకుని ఉంది. రణమల్లు బాకుతో ఒక్కొక్క వేలే విడదీశాడు. చివరి వేలు విడిపోగానే అది ఎగిరి అతని కంఠం పట్టుకుంది. కళ్లు బైర్లు కమ్మాయి. పుట్టి గిర్రున తిరిగింది. పిల్ల అతని అవస్థ చూస్తూ, పాఠం ఒప్పజెబుతున్నట్టు అంది.

"మనిషి చేతిలో ఎముకలు ఇరవై ఏడు. బొటనవేలి మొదట్లో నొక్కితే పట్టు సడలుతుంది."

అతను అక్కడే నొక్కాడు. పట్టు సడలింది. దాన్ని ఏట్లోకి విసిరికొట్టాడు. దగ్గర్లో తేలుతున్న మొసలి ఒకటి దాన్ని వాసన చూసి తోక తిప్పుకుని వెళ్లిపోయింది.

"నువ్వు నన్ను బతికించావే తల్లీ," అన్నాడు రణమల్లు రొప్పుతూ.

"అడక్కపోయినా చెప్పాలనిపించింది," అంది కువలయ. ఎందుకనిపించిందో ఆమెకు తెలియలేదు. అతనికి మాత్రం ఆ మాట చాలు, ప్రాణం లేచొచ్చింది.

పొద్దు వాలుతుండగా ఇసుకబడి చేరారు. చిత్రశాల అందాలేవీ అక్కడ లేవు. తాటాకు పాకలు ఏడు, నడుమ ఏటి ఇసుక పరిచిన పెద్ద వాకిలి, చుట్టూ మొలలోతు మట్టిగోడ. ఆ గోడ ఇంత పొట్టిదా అనిపించింది రణమల్లుకు. నలభైమంది పిల్లలు ఇసుకలో వేళ్లతో రాస్తూ ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు. ఏడుగురు అయ్యవార్లు వాళ్ల మధ్య తిరుగుతున్నారు. అందరిలో పెద్దవాడు కొండుభట్టు గుమ్మం దగ్గర కూర్చున్నాడు. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి.

"ఎవరది? గోడ దూకి పోయినవాడి అడుగుల్లా ఉన్నాయే."

"నేనే అయ్యవారూ. మల్లుని."

"ఇన్నాళ్లకు గుమ్మం కనబడిందన్నమాట."

రణమల్లు గుమ్మం బయటే కూలబడి, జరిగిందంతా చెప్పాడు. ఆకు తలకిందులుగా పట్టుకున్న సంగతి కూడా చెప్పాడు. పాతికేళ్లలో అది మొదటిసారి. ముసలాయన నవ్వలేదు.

"పిల్లను చేర్చుకుంటాం. మా పద్ధతి నీకు తెలుసుగా. కొత్తగా వచ్చినవాళ్లు ముందు మాకు ఒకటి నేర్పాలి, తమ ఇంటినుంచి తెచ్చినది. కుమ్మరుల పిల్ల మట్టి పిసకడం నేర్పింది. జాలరి పిల్ల గాలి వాసన చూసి వాన చెప్పడం నేర్పింది. అది నేర్పితే ఈ ఇసుక ఆమెది. అప్పుడిక ఆమెకోసం ఎవడూ ఈ గుమ్మం దాటి లోపలికి రాలేడు. నేర్పేదాకా మాత్రం మేం అడ్డుపడలేం. ఏం తెచ్చావమ్మా?"

కువలయ వాకిట్లోకి వెళ్లి చేతులు కట్టుకుని రత్నపరీక్ష మొదలుపెట్టింది. ఆమె నుంచున్న చోట ఇసుక నల్లబడింది. నక్షత్రాలు చెప్పింది, ఇంకా నల్లబడింది.

"ఇవి నీవి కావు తల్లీ. వాడివి. నీది ఏదైనా చెప్పు."

పిల్ల వెతుక్కుంది. పాట లేదు, కథ లేదు, అమ్మ మొహం లేదు, పేరు లేదు. మొదటిసారి ఆమె కళ్లల్లో భయం కనబడింది. "ఏమీ లేదండీ," అంది.

ఏటి ఒడ్డున ఇసుక కరకరలాడింది. మీసం ఉన్న రణమల్లు, ఉత్తరీయం కప్పుకుని, తీరిగ్గా నడిచి వస్తున్నాడు. "ఆ పిల్ల నా శిష్యురాలు అయ్యవారూ. పాఠం ఒకటి మిగిలింది. పంపించండి."

రణమల్లు కత్తి మీద చెయ్యి వేశాడు. కత్తితో పని జరగదని అతనికి తెలుసు. పిల్లకు తను నేర్పింది ఏదైనా ఉందా అని వెతుక్కున్నాడు. చదువు రానివాడు ఏం నేర్పి ఉంటాడు! గుర్రాల దగ్గర తిప్పాడు, అంతే. ఏడుపు తన్నుకొచ్చింది.

మాంత్రికుడు పది అడుగుల్లోకి వచ్చాడు. అతన్ని చూసి బడిమేక ఒకటి బెదిరి, గుంజ దగ్గర తాడు ఊడదీసుకుని, పిల్లల రాతలన్నీ తొక్కుకుంటూ పరిగెత్తింది. తాడు కొస కువలయ పాదాల మీదుగా జారింది. ఆమె వంగి అందుకుంది. చూపు మాంత్రికుడి మీదే ఉంది, వేళ్లు మాత్రం వాటంతట అవే కదిలాయి. గుంజకు రెండు చుట్లు వేసి, కొసను మడిచి కిందినుంచి దూర్చి లాగాయి. మేక ఎంత గింజుకున్నా ముడి బిగిసిందే గానీ ఊడలేదు.

"అదెట్లా వేశావు?" అని ఒక పిల్ల ముందుకు వచ్చింది.

"తెలియదు," అంది కువలయ. తన చేతులకేసి వింతగా చూసుకుంది. ఎవరూ మాటల్లో చెప్పని సంగతి అది. గుర్రాల చావడిలో పెద్ద చేతులు రెండు ఆ చిన్న చేతుల మీద ఉండి, మళ్లీ మళ్లీ చేయించిన పని. మాంత్రికుడు మాటలన్నీ ఏరుకున్నాడు, పేర్లన్నీ ఏరుకున్నాడు. వేళ్లల్లో ఉన్నది వాడికి కనబడలేదు.

"మళ్లీ చూపించు! కొసను లాగితే ఊడుతుందా? నాకూ, నాకూ!"

కువలయ మళ్లీ వేసింది. "ఇట్లా కాదు, కింద నుంచి," అంటూ తనే జాలరి పిల్ల వేలు పట్టుకుని సరిచేసింది. కువలయ పాదాల కింద నలుపు విరిగి, ఇసుక మళ్లీ తెల్లబడింది. గుమ్మం దగ్గరకు వచ్చిన మాంత్రికుడు గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయాడు. ముందుకు చాచిన పాదం పొగలు కక్కింది.

కొండుభట్టు తడుముకుంటూ వచ్చి ఆ ముడిని వేళ్లతో చూశాడు. "ఈ ముడి నాకు తెలుసు. పాతికేళ్ల కింద గుర్రాలవాళ్ల కుర్రాడొకడు చేరిననాడు నేర్పాడు." రణమల్లు తల దించుకున్నాడు.

గుమ్మం బయట కాలజిహ్వుడు నవ్వాడు. "సరే, ఒళ్లు దక్కలేదు. ఆమె అరవై మూడూ మాత్రం నా దగ్గరే ఉన్నాయి. కంకాళగుట్ట గుహలో, మూడు వందల ఏళ్ల పిల్లల ఆకులతో కలిపి పెట్టాను. వేలు ఉన్నాయి. ముద్ర వేసిన చెయ్యే వాటిని తియ్యాలి. వేరే పిల్ల ఆకు తాకితే అది బూడిదవుతుంది, ఆ పిల్లది శాశ్వతంగా పోతుంది. అమావాస్యనాడు నాతోబాటు గుహ మొత్తం కాలిపోతుంది. ప్రతి ఆకు మీదా పేరు రాసే ఉంది నాయకా. వెళ్లి తెచ్చుకో. చదువుకున్నవాడివి కదా!"

ఆ నవ్వుకు మేకలు కూడా అరవడం మానేశాయి. అమావాస్య ఇరవై ఏడు రోజుల్లో ఉంది. గుట్టకు దారి పది రోజులు. రణమల్లు లెక్క చూసుకున్నాడు. పదిహేడు రోజులు మిగిలాయి.

అతను కత్తి విప్పి గుమ్మం బయట పెట్టాడు. "అయ్యవారూ, నన్ను మళ్లీ చేర్చుకుంటారా?"

"నీ పేరు ఎవరు కొట్టేశారురా? ఆ ఇసుక ఇంకా నీదే. వచ్చి కూర్చో." ముసలాయన పిల్లల వైపు తిరిగాడు. "వెనకబడ్డవాడికి కొత్తగా చేరినవాళ్లు చెయ్యి పట్టి దిద్దించాలి. అది మా పద్ధతి."

కొత్తగా చేరింది కువలయే. ఆమె వచ్చి, ముప్పై అయిదేళ్ల ఆ మనిషి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అతను వేలు ఇసుక దాకా తెచ్చి వెనక్కు తీసుకున్నాడు.

"భయపడకండి. మొదట అందరికీ వంకరగానే వస్తుంది," అంది. "ఏ పేరు రాద్దాం?"

"కువలయ," అన్నాడు రణమల్లు.

"బాగుంది. ఎవరండీ ఆమె?"

"మా అక్క కూతురు."

కువలయ తల ఊపి, అతని చూపుడువేలును తన చిన్న పిడికిట్లో పట్టుకుని, ఇసుకలో గుచ్చి మొదటి అక్షరం దిద్దించడం మొదలుపెట్టింది. గుమ్మం బయట అతని మొహమే పెట్టుకున్న మాంత్రికుడు ఇసుకలో గొంతుక్కూర్చుని, మిగిలిన ఒక్క చేతి వేళ్లు ముడుస్తూ రోజులు లెక్కపెడుతున్నాడు.